నిమ్మకాయ పెట్టిన బోటు

కేశవరావు ఫ్లాస్కు పట్టుకుని యార్డులోకి వచ్చేసరికే ఆలుమగలిద్దరూ బోటు మీది పట్టా లాగేసి కొబ్బరికాయ కొట్టేశారు.

శనివారం. తొమ్మిదింటికల్లా రాహుకాలం వచ్చేస్తుంది. అందుకని ఆఫీసు తలుపు తీసేదాకా కూడా ఆగలేదు. షానన్ నది ఒడ్డున ఆ రేకుల షెడ్డులో బోట్లన్నీ కొట్టంలో గొడ్లలా వరసగా నిలబడి ఉన్నాయి.

"చక్రాల్లేవు కదా, నిమ్మకాయలెక్కడ పెట్టాలి?" అంటోంది ఐశ్వర్య.

"ప్రొపెల్లర్ కింద పెట్టు. తిరిగేది అదే గదా," అన్నాడు ఆమె మొగుడు తిరుమలేష్.

కేశవరావు దగ్గరికెళ్లి, "ఏమ్మా..." అని మొదలుపెట్టాడు.

"రండంకుల్, టైముకొచ్చారు," అని ఐశ్వర్య కొబ్బరిముక్క చేతిలో పెట్టింది.

ప్రసాదం నోట్లో పెట్టుకుని మాట్లాడటం పద్ధతి కాదు. అసలే కేశవరావు మాటల మనిషి కాడు. నములుతూ ఊరుకున్నాడు.

తిరుమలేష్ మడతకుర్చీ తెచ్చి వేశాడు. "నడుం పట్టుకున్నరు, కూసోండి అంకుల్. పని మేం చూస్తం."

నడుము మాట నిజమే. వంగటం మానేసి చాన్నాళ్లయింది. కూర్చున్నాడు.

తిరుమలేష్‌ది తాగే నీళ్లకు కూడా బోరు వేసుకునే ఊరు. అలాంటివాడికి ఐర్లండ్ వచ్చాక పడవ పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. ఫోన్లో ఫొటోలు చూసి బోటు కొన్నాడు. కొన్నాక పెళ్లానికి చెప్పాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఒక్క మాట అంది.

"శనివారం పొద్దుగుంకేలోపు ఇంజిన్ మోగితే ఉంచుకో. మోగకపోతే అక్కడే నిలబడి అమ్మకానికి పెట్టేస్తా."

ఆ శనివారమే ఇది.

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్ అది. ముందు పాత పెట్రోలు తోడేశారు. ఆ కంపుకి ఐశ్వర్య కొంగు ముక్కుకి కట్టుకుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, లోపల చుక్క చుక్క నూనె పోసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పారు. పట్టేసిందేమోనని తిరుమలేష్ ఊపిరి బిగబట్టాడు. తిరిగింది.

తర్వాత వెనకాల నీళ్లలోకి వేలాడే కాలు. ప్రొపెల్లర్ ఉండేది దానికే. బిరడా విప్పితే అందులోని నూనె పాలెక్కువైన టీలా కారింది.

"నీళ్లు దిగినయ్," అన్నాడు తిరుమలేష్, మొహం వేలాడేసి.

"సీళ్లు పోయుంటాయి," అన్నాడు కేశవరావు. కుర్చీలోంచే తొంగిచూసి, "ఆ రబ్బరు తొడుగు కూడా మార్చెయ్. పగిలింది," అన్నాడు.

తిరుమలేష్ కొత్తవి ముందే తెప్పించుకున్నాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయేసరికి కేశవరావే ఆశ్చర్యపోయాడు.

మధ్యాహ్నం ఐశ్వర్య పులిహోర డబ్బా తెరిచింది.

"తిరూ, మీ అంకుల్ మొహమాటపడుతున్నారు. ఇంకో గరిటె వెయ్యి."

"మీ పిల్ల చేతి పులిహోరకు మొహమాటమేంది అంకుల్," అన్నాడు తిరుమలేష్, వడ్డిస్తూ.

కేశవరావు ఆమె వంక చూశాడు. అతని వంక చూశాడు. ఒక మాట చెబుదామనుకున్నాడు. చేతిలో పళ్లెం ఉండగా బాగోదనిపించింది. తిన్నాడు. పోపులో ఇంగువ సరిగ్గా పడింది.

యార్డు నడిపే డెబోరా అటుగా వచ్చింది. చెమటలు కక్కుతున్న తిరుమలేష్‌ను, కుర్చీలో కేశవరావును మార్చి మార్చి చూసింది. "గ్రాండ్ జాబ్," అని, నవ్వు బిగబట్టుకుని వెళ్లిపోయింది.

"పక్కలకి కాస్త మైనం పట్టిస్తే తళతళలాడుద్ది," అన్నాడు కేశవరావు.

"మీ అంకుల్‌కి పని చెప్పడం బాగా వచ్చు," అని మొగుడి చెవిలో గొణిగింది ఐశ్వర్య. గొణుగుతూనే పట్టించింది.

పొద్దు వాలింది. కొత్త బ్యాటరీ బిగించారు. ఇంజిన్ వేడెక్కకుండా కాలికి హెడ్‌ఫోన్ లాంటి రబ్బరు డిప్పలు తగిలించి గొట్టంతో నీళ్లు వదిలారు. తీరా చూస్తే తాళంచెవి లేదు.

"ఆఫీసుల ఇస్తరన్నరు. మర్చేపోయిన," అని తిరుమలేష్ తల పట్టుకున్నాడు.

"ఇదుగో," అని కేశవరావు జేబులోంచి తీసిచ్చాడు.

"అంకుల్ ఉంటే మనకు ఫికరే లేదు."

తాళం తిప్పాడు. ఇంజిన్ మూలిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. దగ్గింది. ఐశ్వర్య ఫోన్ తీసింది. నది అవతల సూర్యుడు చెట్లలోకి జారుతున్నాడు.

"ప్రకటనలో ఏం రాయమంటావు? పూజ చేసిన బోటు అని రాయనా?"

తిరుమలేష్ కళ్లు మూసుకుని ఇంకోసారి తిప్పాడు.

గుప్పున తెల్లటి పొగ. ఆ వెనకే మోత. రేకులు అదిరాయి. నదిలో బాతులు మూకుమ్మడిగా లేచిపోయాయి. తిరుమలేష్ గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహం నల్లగా అయింది.

ఐశ్వర్య ఫోన్ సంచిలో పడేసింది. "సరే, అమ్మం. రేపు నన్ను కూడా ఎక్కించుకో. నా బోటే అని చెప్పుకుంటా."

ఇంజిన్ ఆపి ఇద్దరూ వచ్చి కేశవరావు కాళ్లకు మొక్కారు.

"పొద్దున్నించీ ఇక్కడే కూర్చుని దగ్గరుండి చేయించారు. మీ రుణం తీరదంకుల్," అంది ఐశ్వర్య.

కాళ్లకు మొక్కాక కూడా నోరు విప్పకపోతే పాపం. కేశవరావు లేచి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను నీ తాలూకూ కాదు, అతని తాలూకూ కాదమ్మా, ఈ బోటు తాలూకు మనిషిని. ఇది నాది, మీది ఆ పక్కది."