ఎడం కాలికి పని లేదు

కారు తలుపు తీసి, సూరయ్య నడుం వంచి లోపలికి చూశాడు. కింద రెండే పెడళ్ళున్నాయి.

"మూడోది ఏదే?"

"ఉండదు మావయ్యా. దీనికి క్లచ్చుండదు," అంది ఝాన్సీ.

ఆయన చెల్లెలి కూతురు. రాజాంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ కారు కొని ఇంకా నెల కాలేదు.

"క్లచ్చి నేకపోతే బండెలాగ నడుస్తాదే?"

"అదే చూసుకుంటుంది. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలేటరు. రెండూ కుడికాలితోనే. ఎడంకాలికి పని లేదు."

సూరయ్య తన ఎడంకాలి వైపు చూసుకున్నాడు.

ఆయనకి ఎడం మోకాలి కింద ఉన్నది పెట్టుడు కాలు.

ఇరవై ఏళ్ళ పైగా లారీ తోలాడు. కలకత్తా, చెన్నై ఆయనకి పెరడూ వాకిలీ. రెండేళ్ళ కిందట ఖరగ్‌పూర్ దగ్గర రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే, వెనకనించి ఇంకో బండొచ్చి కొట్టింది. అప్పట్నించీ ఇంటి అరుగే. మొదట్లో హైవే మీద హారన్ మోగితే అది ఏ బండో చెప్పేవాడు. ఈమధ్య అదీ మానేశాడు.

ఇలాంటి కారైతే తోలుకోవచ్చని కనుక్కుని, పోయిన వారం ఝాన్సీ ఆయన్ని బలవంతాన తీసుకెళ్ళి, కొత్తగా నేర్చుకునేవాళ్ళలాగే మళ్ళీ ఎల్లెల్లార్ తీయించింది. ఇవాళ కారుకి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అంటించి, ఊరి బయట చేల మధ్య రోడ్డు మీద ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టింది.

వెనక సీట్లో ఆయన భార్య కూర్మమ్మ కళ్ళు మూసుకుని మొక్కుకుంటోంది.

"బ్రేకు తొక్కి స్టార్ట్ చెయ్యి. 'పీ' అంటే పార్కింగు. 'ఆర్' రివర్సు. 'ఎన్' న్యూట్రలు. 'డీ' అంటే..."

"డ్రైవరు."

"డ్రైవు మావయ్యా!"

"రెండూ ఒకటేనే."

'డీ'లో పెట్టి బ్రేకు మీంచి కాలు తీశాడు. ఏదీ తొక్కకుండానే కారు మెల్లగా పాకింది.

"ఓర్నాయనో! దానంతటది ఎల్లిపోతన్నాదేటే!"

ఝాన్సీ నవ్వు పూర్తవకముందే గట్టు మీంచి ఓ మేక రోడ్డు మీదికి దూకింది.

కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళింది. దాంతోపాటే ఎడం తొడ కూడా లేచి, లేని క్లచ్చు కోసం పెట్టుడు కాలిని దబ్బున దించింది. అది కూడా ఆ వెడల్పాటి బ్రేకు మీదే పడింది.

కారు గుంజకి కట్టేసినట్టు ఆగిపోయింది. కూర్మమ్మ నుదురు ముందు సీటుకి తగిలింది.

మేక తన దారిన పోయింది.

సూరయ్య ఇంజను ఆపేసి, తలుపు తెరిచాడు.

"నా వల్ల కాదే ఝాన్సీ. కాలు పోనాది గానీ దాని బుద్ధి పోనేదు."



కూర్మమ్మ నుదురు రుద్దుకుంటూ దిగింది. చుట్టూ తిరిగి ఆయన తలుపు దగ్గరికొచ్చి వంగింది. రోజూ పొద్దున్నే ఆ కాలికి బెల్టులు బిగించేది ఆమే. రెండు చేతులతో దాన్ని ఎత్తి, ఎడం పక్క మూలకి జరిపి పెట్టింది.

"ఇది ఇక్కడుంటాది. నువ్వు పోనీ బావా."

"మళ్ళీ లేస్తేనో?"

"నాను పట్టుకుంటాను."

ఝాన్సీ ముందు సీట్లోంచి దిగి వెనక సీట్లోకి వెళ్ళిపోయింది.

పెళ్ళైన ఇన్నేళ్ళలో కూర్మమ్మ ఆయన పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. లారీలో ఆ సీటు క్లీనరుది.

కూర్చుని, ఆయన ఎడం మోకాలి మీద చెయ్యేసి అదిమిపట్టింది.

"ఎవులైనా సూస్తారే."

"సూడనీ."

కారు కదిలింది.

మొదటి మలుపులో మోకాలు ఎగరబోయింది. చెయ్యి అణిచింది. కాలవ వంతెన దగ్గర మళ్ళీ. మళ్ళీ అణిచింది. స్పీడు పెరిగినప్పుడల్లా ఆయన ఎడం చెయ్యి గేరు రాడ్డు కోసం తడుముకుంటోంది. దాన్ని కూడా కూర్మమ్మే తీసి స్టీరింగు మీద పెట్టింది.

"గేర్లు అదే మార్చుకుంటుంది మావయ్యా," వెనకనించి ఝాన్సీ.

"మరి డ్రైవరు పనేటే?"

"రోడ్డు చూడ్డం."

సూరయ్య రోడ్డు చూశాడు. రెండు పక్కలా కోతకొచ్చిన వరి, మధ్యన నల్లగా, తిన్నగా, ఖాళీగా రోడ్డు. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. వీపు సీటుకి ఆనింది.

కాసేపటికి హైవే ఎక్కేశారు.

నరసన్నపేట దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. దారిలో టీ కొట్టు తిరుమలరావు చేతిలో గ్లాసుతోనే రోడ్డు పక్కకి పరిగెత్తుకొచ్చాడు.

"సూరయ్య మావా! నువ్వేనేటి? ఆ ఎల్ బోర్డేటి?"

"కొత్తగా నేర్సుకుంటన్నానురా!"

హారన్ కొట్టాడు సూరయ్య. అవసరం లేకపోయినా ఇంకోసారి కొట్టాడు.

ఎదురుగా వస్తున్న లారీలోంచి డ్రైవరు చెయ్యెత్తాడు. ఎవరో తెలీదు. సూరయ్య కూడా ఎత్తాడు.

మోకాలు ఎగరడం ఎప్పుడో మానేసింది. కూర్మమ్మ చెయ్యి మాత్రం తియ్యలేదు.

వాళ్ళ ఊరి మలుపు వచ్చింది.

సూరయ్య తిప్పలేదు. మలుపు వెనకపడిపోయింది. ఝాన్సీ వెనక్కి తిరిగి ఆ మలుపుని చూసింది.

కూర్మమ్మ అద్దం దింపింది. గాలికి ఎగిరే కొంగుని రెండో చేత్తో పట్టుకుని అడిగింది.

"ఇలాగ తిన్నగా ఎల్తే ఏ ఊరొస్తాది బావా?"

"కోటబొమ్మాళి," అన్నాడు సూరయ్య, అది ఆమె పుట్టిన ఊరని తెలియనట్టే.