కమ్లి మొఖానికి నప్పని అద్దాలు

“అద్దాలు నీ మొఖానికి మంచిగ లేవు. లేజర్ చేయించుకో!” పెళ్లయిన నాటి నుంచీ జైరాంది ఒకటే పోరు. భార్య కంటికి అద్దాలుంటే భర్త పరువు పోతుందట! టీచరమ్మ కమ్లిని ఏన్కూరు నుంచి ఖమ్మం దవాఖానాకు లాక్కొచ్చాడు.

“హైదరాబాదుల రెండు తీర్ల చేస్తరు,” అంది డాక్టరమ్మ. “కంటి పైపొర గీకి చేస్తే నొప్పి ఎక్కువ. పొర లేపి చేస్తే జల్దీ మానుతది. అద్దాలతోని మంచిగ కనబడితే రెండూ అక్కర్లేదు.”

“నాకు మంచిగనే కనబడుతది మేడమ్. బాధంతా ఈయనకే.”

“అయితే ఆయన్నే కూసోబెట్టు.”

గోడ మీది పెద్దక్షరం కూడా జైరాంకు ఆనలేదు. డాక్టరమ్మ పరీక్ష అద్దాలు తొడిగింది. అతను కమ్లి వైపు తిరిగి నోరు తెరిచాడు.

“గదువ మీద పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నవే?”

“నువ్వు నన్ను చూసి ఒప్పుకున్న రోజు కూడా ఉన్నదయ్యా!”