ఎండలో మంట

“వెలగలేదు. ఒప్పేసుకోండి,” అంది పుణ్యవతి, పాలగిన్నెను ఒళ్లోకి మరింత దగ్గరగా లాక్కుంటూ.

“వెలిగింది తల్లీ!” అన్నాడు ఆమె మొగుడు రామబ్రహ్మం. మిట్టమధ్యాహ్నం గోపన్‌పల్లి బండల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా అరచేతిలో ఇమిడే ఇత్తడి స్పిరిట్ పొయ్యి. “పుల్ల గీసి చూపించగానే భుక్కుమంది. నీకు వినపడలేదూ?”

“భుక్కుమన్నది మీ కడుపేమో. పొద్దున తిన్న రెండు ఇడ్లీలతో ఇంతసేపు ఆగడమే గొప్ప. మంటేదీ?”

మంట నిజంగానే కనిపించడం లేదు. స్పిరిట్ మంట పలచగా, నీలంగా ఉంటుంది. ఇంట్లో తలుపులు మూసి వెలిగించినప్పుడు ముచ్చటగా కనిపించింది. ఈ మే నెల ఎండలో మాత్రం పొయ్యి అంచు మీద గాలి కాస్త వణుకుతున్నట్టుంది, అంతే. ఆ మాటకొస్తే బండల మీద ఎటు చూసినా గాలి అలాగే వణుకుతోంది.

పందెం మాత్రం చిన్నది కాదు. బాలానగర్ కార్ఖానాలో వారమంతా రేకుల మీద సుత్తుల మోత వినీ వినీ, ఆదివారం పూట ఈ బండల మీద కూర్చుని వేడి కాఫీ తాగడమంటే రామబ్రహ్మానికి ప్రాణం. పుణ్యవతికేమో ఆదివారమంటే తలంటు, పప్పుచారు, మధ్యాహ్నం ఓ కునుకు. ఇవాళ లాంబ్రెట్టా స్కూటర్ ఎక్కేముందే తేల్చి చెప్పేసింది. పొయ్యి వెలిగితే ఇక ప్రతి ఆదివారం నోరెత్తకుండా వెంట వస్తుంది. వెలగకపోతే పొయ్యి పాత సామాన్లవాడి బుట్టలోకి, మొగుడు ఇంటిపట్టుకి.

“ఆ గిన్నె ఇలా పెట్టు. పాలు పొంగకపోతే అప్పుడను.”

“మంట కళ్ళబడకుండా పొయ్యి మీద పాలు పెట్టడం మా ఇంటా వంటా లేదు. మా అమ్మ నిప్పుకి దణ్ణం పెట్టుకున్నాకే గిన్నె ఎక్కిస్తుంది. లేని నిప్పుకి దణ్ణం ఎలా పెట్టను?”

“పోనీ చెయ్యి చాపి చూడు. సెగ తగులుతుంది.”

పుణ్యవతి చెయ్యి చాపి చూసి వెనక్కి తీసుకుంది. “తగిలింది. ఈ బండ మీదా తగులుతోంది. మీ స్కూటర్ సీటు మీదా తగిలింది. వాటిని కూడా మీరే వెలిగించారా?”

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఊళ్ళో మేకలు కాసుకునే సత్తెమ్మ. పెద్ద బండ నీడన కూర్చుని మొదటినుంచీ తమాషా చూస్తోంది.

“ఏంది సారూ, ఎప్పటిసంది జూస్తున్న. గా డబ్బల పొగ లేదు, మంట లేదు. ఉత్తగనే పరేషాన్ అయితున్నరు. మా గుడిసె గీడనే ఉన్నది. నాలుగు పుల్లలు తెస్త, మూడు రాళ్ళు పెడ్త. చిటికెల చాయ్ అయితది. ఏమంటవమ్మా?”

“తీసుకురా అవ్వా, నీ పుణ్యముంటుంది,” అంది పుణ్యవతి.

“వద్దు! మంట ఉంది!” అని అరిచాడు రామబ్రహ్మం. గొంతు అతనికే కీచుగా వినిపించింది.

అసలు కంగారు వేరే ఉంది. తెచ్చిన స్పిరిట్ అంతా పొయ్యిలో పోసేశాడు. అది కాస్తా అయిపోతే, ఆరిపోయిన మంట ఇందాక ఉండేదని ఆ బ్రహ్మదేవుడు దిగివచ్చినా రుజువు చెయ్యలేడు. ఏదైనా అంటించి చూపించాలి. సత్తెమ్మ వెళ్ళి పుల్లలు తెచ్చేదాకా ఈ స్పిరిట్ ఆగేలా లేదు. ఆఖరి పుల్ల గీసిన ఉత్సాహంలో ఖాళీ అగ్గిపెట్టెను విసిరేశాడు, అది ఏ బండ సందులో పడిందో. ఎండు గడ్డిపరక ఒక్కటి దొరికినా చాలు. సత్తెమ్మ మేకలు ఆ చుట్టుపక్కల పరకన్నది మిగల్చకుండా నున్నగా నాకేశాయి.

“నా చేతిరుమాలు మాత్రం అడక్కండి,” అంది పుణ్యవతి, అతని చూపు ఎటు తిరుగుతోందో కనిపెట్టి.

“ఎందుకు సారూ గంత తిప్పలు?” అంది సత్తెమ్మ. “ఇంట్ల అమ్మ జేస్తే తాగరాదూ?”

పొయ్యి అంచున గాలి వణుకు సన్నగిల్లుతున్నట్టనిపించింది. ఇక జన్మంతా ఆదివారాలు సంచీ పట్టుకుని చందానగర్ మార్కెట్లో వంకాయలు ఏరుకోవడమేనా? రామబ్రహ్మం పాంటు జేబులో చెయ్యి దోపాడు. వేళ్ళకి ఏదో తగిలింది. అదేమిటని ఆలోచించే తీరికెక్కడిది? లాగాడు, వంగాడు.

“అయ్యో సారూ, మీసాలు పైలం!” అని సత్తెమ్మ కేకేసింది.

మరుక్షణం ఎర్రటి నిప్పు రాజుకుంది. సన్నగా పొగ లేచింది.

“అగో! నిజమేనుల్లా, అగ్గున్నది!” సత్తెమ్మ చప్పట్లు కొట్టింది. మేకలు బెదిరి అవతలికి గెంతాయి.

రామబ్రహ్మం లేచి నిలబడ్డాడు. ఆ బండలన్నీ తనే గెలుచుకున్నంత ఆనందం కలిగింది. “చూశావా! కళ్ళారా చూశావా! ఇక వచ్చే ఆదివారం కూడా ఇక్కడే!” అన్నాడు. సంతోషానికి మాట కాస్త ముద్దగా వచ్చింది.

పుణ్యవతి కోప్పడలేదు. పొయ్యికి దణ్ణం పెట్టుకుంది. పాలగిన్నెను ఎక్కించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నెమ్మదిగా తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

“ఓడిపోయానండీ, ప్రతి ఆదివారం నోరెత్తకుండా వస్తాను. ముందు మీరు, నిరుడు నా నెత్తిన చెయ్యి పెట్టి మానేశానని ఒట్టేసిన ఆ సిగరెట్టు నోట్లోంచి తియ్యండి.”