అంటకుండా

“అక్కడే ఆగండత్తయ్యా! గడియ ముట్టుకోకండి!”

ఆవిడ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మనవరాలి గది తలుపు మూసి ఉంది. మూతికి మాస్కు పెట్టుకున్న కోడలు గబగబా వచ్చి, గడియను స్పిరిట్ గుడ్డతో పరపరా తుడిచింది.

“నేనింకా ముట్టుకోనేలేదమ్మా!”

“అయినా సరే, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కోండి.”

ఆవిడకు అంతా అయోమయంగా ఉంది. బతుకంతా కుట్టుమిషన్ తొక్కి ఊళ్ళోవాళ్ళకు బట్టలు కుట్టిన మనిషి. శుభ్రం లేదని ఒక్కరు వేలెత్తి చూపలేదు. కీళ్ళు పట్టేసి, వైద్యానికని కొడుకు ఇంటికి వచ్చింది. మొన్నటిదాకా మనవరాలు తన పక్కలోనే దూరి పడుకునేది. నిన్న పొద్దున్నించి పిల్ల జాడే లేదు. “పరీక్షలు, చదువుకుంటోంది” అంటున్నారు. తన కంచం వేరు, తువ్వాలు వేరు. కోడలు అన్నం గుమ్మంలో పెట్టి వెనక్కి తగ్గుతోంది.

సాయంత్రం కొడుకు కూడా గుమ్మం అవతలే నిలబడ్డాడు.

“ఒరే, నాకేమైనా అంటురోగమా? డాక్టరు ఏం చెప్పాడు?”

“అబ్బే! ఆ కీళ్ళ మందు వాడినన్నాళ్ళు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందట. అంతే.”

అంటే తన ఒంట్లో క్రిములు పుట్ట పెట్టాయన్నమాట!

గోడ అవతల గుసగుసలు వినిపించాయి.

“దగ్గితే తుంపర్లు చేతికి, చేతినించి గడియకి, గడియనించి ఇంకొకళ్ళ నోట్లోకి. ఎంతసేపండీ?” అంటోంది కోడలు. “చెప్పేద్దామా?”

“చెబితే అమ్మ ఊరుకుంటుందా?”

ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గి చూసుకుంది. దగ్గు రాలేదు. అయినా ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తోచక అలాగే గాలిలో పట్టుకుని కూర్చుంది.

తెల్లారేసరికి సంచి సర్దేసుకుంది.

“ఎక్కడికత్తయ్యా?” కోడలు బిత్తరపోయింది.

“మా ఇంటికే. దాన్నొక్కసారి దూరంనించైనా చూపించమ్మా, పోతాను.”

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి రాబోయి, తమాయించుకుని మళ్ళీ వెనక్కి జరిగింది.

“చెబితే పరుగెత్తుకెళ్ళి దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. మిమ్మల్ని ఆపడం మా తరమా? అందుకే దాచాం.”

“ఇంకా దాచేదేముందే! నా రోగం పసిదానికి అంటకూడదనే కదా ఇదంతా?”

“దాని జ్వరం మీకు అంటకూడదని, అత్తయ్యా!”