రౌటర్‌లో ఒక రూలు

రెండేళ్లుగా మా ఇంట్లో రాత్రి ఎనిమిది కాగానే నా లాప్‌టాప్‌కి నెట్ పోతుంది. ఇంటికి మోసుకొచ్చిన ఆఫీసు పని ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఆ పాత రౌటర్‌ని తిట్టుకుంటూ లేస్తాను. అప్పటికే మా అమ్మాయి రెండు కంచాలు పెట్టేసి ఉంటుంది.

ఇక నా వల్ల కాక, ఈ ఆదివారం పొద్దున్నే నెట్ కనెక్షన్ బాగుచేసే అతన్ని పిలిపించాను.

"ఇందులో సాఫ్ట్‌వేర్ ఏనాటిదో అండీ. కొత్తది ఎక్కిస్తాను. కానీ పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, ముందు రాసిపెట్టుకోవాలి," అన్నాడు.

"ఒక్కటి కూడా పోకూడదు. అవన్నీ మా అమ్మాయి పెట్టింది. మళ్ళీ మొదటినుంచి పెట్టుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు."

అతను ఒక్కొక్కటే చదువుతుంటే నేను కాగితం మీద రాసుకుంటున్నాను. వైఫై పేరు, పాస్‌వర్డు, ప్రింటరు నంబరు.

అతను ఒకచోట ఆగాడు.

"ఇక్కడో రూలుందండీ. రోజూ ఎనిమిదింటికి మీ లాప్‌టాప్‌కి మాత్రం నెట్ ఆపేయమని. దానికి 'అమ్మ అన్నం' అని పేరు పెట్టారు."

బల్ల దగ్గర చదువుకుంటున్న మా అమ్మాయి తలెత్తలేదు. పేజీ తిప్పడం మాత్రం మానేసింది.

"అయితే తప్పు రౌటర్‌ది కాదండీ. ఈ రూలు తీసేస్తే సరిపోతుంది. తీసేయనా?"

కాగితం మీద ఆ రూలు కూడా రాశాను. అందులో ఎనిమిదిని కొట్టేశాను.

"ఏడున్నరకి మార్చండి," అన్నాను.