పిల్లిముఖం మోనాలిసా

"దించు. ముందు దాన్ని కిందికి దించు," అంటూ తండ్రి గ్యాలరీ గోడమీది బొమ్మకేసి చెయ్యి చాచాడు. కూతురు అడ్డం నిలబడింది.

హోటళ్లకి మోనాలిసా నకళ్లు వేసి ఇల్లు నడిపిన మనిషి ఆయన. మూతపడ్డ ఓ హోటల్లోంచి కూతురు అందులో ఒకటి తెచ్చుకుంది. మోనాలిసా ముఖం మీద కార్టూను పిల్లి ముఖం వేసి, నల్లకళ్లద్దాలు పెట్టి, నోట్లో బబుల్‌గమ్ము ఊదించి, తన మొదటి ఎగ్జిబిషన్లో తగిలించింది.

"నా బొమ్మని కోతిని చేశావు కదే."

"పిల్లిని చేశాను నాన్నా. అయినా నీ బొమ్మేంటి, కాపీయేగా."

ఆయనకి ఒళ్లు మండింది. "కాపీయే. ఉన్నదున్నట్టు దించాను. నీలా వెకిలి వేషాలు వేయలేదు."

"మరి ఈ మచ్చ ఎక్కడిది?"

ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న మోనాలిసా చేతుల్ని చూపించింది కూతురు. బొటనవేలి పక్కన చిన్న కాలిన మచ్చ ఉంది.

"అసలు బొమ్మలో ఇది లేదు. ఇవి అమ్మ చేతులు. అందుకే వీటి జోలికి పోలేదు."

ఇన్నేళ్లలో ఏ హోటలువాడూ పట్టుకోలేని దొంగతనం అది.

వెనకే వచ్చిన భార్య కళ్లజోడు సవరించుకుని మచ్చని చూసింది. తర్వాత తన బొటనవేలు చూసుకుంది.

"అన్ని బొమ్మల్లోనూ ఇవేనా?"

ఆయన తల దించుకుని "ఊ" అన్నాడు.

"ఊళ్లో హోటళ్లన్నిటికీ నా చేతులు పంపించారు," అందావిడ. "నన్ను మాత్రం ఒక్కదానికీ, కాఫీకైనా తీసుకెళ్లలేదు."