బాదంగింజంత చోటు

"ఇక చాలమ్మా. గొట్టాలు తీయించేద్దాం," అన్నాడు డాక్టర్, చెల్లెలి భుజమ్మీద చెయ్యేసి. "మనం ఎంత పిలిచినా బావకి తెలియదు."

"ఈ ఒక్క పరీక్షా కానీ, అన్నయ్యా."

అద్దానికి అవతల, స్కానింగ్ యంత్రంలో, చెవులకి హెడ్‌ఫోన్లతో ఆమె భర్త కొయ్యలా పడి ఉన్నాడు. మేడమెట్ల మీద కాలు జారిందట. ఆ రోజు నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

"సూది లేదు, మందు లేదు," అంది టెక్నీషియన్. "మెదడులో రక్తం ఎటు పరుగెత్తితే తెరమీద అటు ఎర్రబడుతుంది. ఈ బటన్ నొక్కిపట్టి మాట్లాడండి. వదిలేస్తే ఆయనకి వినపడదు."

ఆమె నొక్కింది. "ఏమండీ..."

తెరమీద చెవుల పక్కన రెండు ఎర్రటి మరకలు మెల్లగా విచ్చుకున్నాయి. ఆమె చెయ్యి బటన్ మీంచి జారిపోయింది.

"వింటున్నాడు వదినా!" మరిది దాదాపు గంతేశాడు.

"వినపడటం వేరు, తెలియడం వేరు," గొణిగాడు డాక్టర్.

టెక్నీషియన్ తెర మధ్యలో వేలు పెట్టింది. "బాదంగింజంత ఈ చోటు చూశారా? భయమేస్తే రక్తం ఇక్కడికే దూకుతుంది. ఇప్పుడు చల్లగా ఉంది."

"మా ఇంట్లో వదినంటే భయం లేనివాడు అన్నయ్య ఒక్కడే లెండి," అంటూ మరిది మైకు మీదికి వంగాడు. వదిన మళ్ళీ బటన్ నొక్కింది. "అన్నయ్యా, నీ కారు గోడకి గీకేశాను. లేచి తిట్టరా!"

మరకలు మెరిశాయి. బాదంగింజ కదల్లేదు. ఆమె కన్నీళ్ళతోనే నవ్వేసి, వెనకున్న అన్నవైపు తిరిగింది.

"చూశావా? నువ్వూ ఒకసారి పిలువు."

"ఇప్పుడెందుకమ్మా," డాక్టర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అలిసిపోయుంటాడు. పడుకోనీ."

తెర నడిమధ్య బాదంగింజ భగ్గున మండింది. అవతల గుండె మానిటర్ గోలపెట్టింది.

టెక్నీషియన్ ఉలిక్కిపడి ఆమె చేతికేసి చూసింది. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.

"మిషన్... మిషన్‌లో ఏదో తేడా," అన్నాడు డాక్టర్.

ఎరుపు ఇంకా పాకింది.

ఆమె బటన్ వదల్లేదు. అన్న కళ్ళల్లోకి చూస్తూ, అద్దానికి అవతలి మనిషికి కూడా వినపడేలా అడిగింది.

"ఆయన కాలు జారిందని మా అందరికీ చెప్పింది నువ్వే కదూ, అన్నయ్యా?"